చెవులమ్మకు వినపడని ఇంజిన్

కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఆవిడని చెవులమ్మ అంటారు. ఎదురుగా అమ్మా అనో మేడం అనో మర్యాదగా పిలుస్తారు గానీ, షెడ్డు గుమ్మం దాటగానే చెవులమ్మే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసి లోలోపల కాస్త గర్వపడుతుంది కూడా. పడదూ మరి! దారి పొడుగునా ఇన్ని షెడ్లుండగా జనం వెతుక్కుంటూ వచ్చేది ఆ చెవుల కోసమేనాయె.

పెళ్ళికి ముందు ఆవిడ బేరింగుల ఫ్యాక్టరీలో పనిచేసింది. తయారైన బేరింగుని వేలికి తొడిగి, చెవి దగ్గర పెట్టుకుని గిర్రున తిప్పడం, లోపల ఇసుకరేణువంత గరుకున్నా పక్కన పారెయ్యడం - అదీ ఉద్యోగం. చుట్టూ మరలు గోల గోలగా మోగుతుంటే, ఆ గోలని పక్కకి నెట్టి తనకి కావలసిన చప్పుడు ఒక్కటే ఏరుకోవడం అక్కడే అబ్బింది. తర్వాత కార్ల మేస్త్రిని కట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయనకి భోజనం పట్టుకెళ్ళి, అప్పుడే విప్పి బిగించిన ఇంజిన్ పక్కన కాసేపు నిలబడి, "ఏమండీ, ఇందులో ఏదో గీసుకుంటోంది" అంది. మేస్త్రి నవ్వాడు. సాయంత్రం మళ్ళీ విప్పాక ఆ నవ్వు పోయింది. ఆ మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే షెడ్డుకి వెళుతున్నారు.

వాళ్ళ షెడ్డుకి వచ్చేవన్నీ టర్బో బళ్ళు. టర్బో అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. అది ఇంజిన్‌లోకి గాలిని కుక్కి కుక్కి పంపే చిన్న పంకా. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ, పేచీ కూడా ఎక్కువే. ప్లగ్గులో నిప్పురవ్వ కాస్త ముందుగా పడేటట్టు సర్దుతూ పోతే బండి ఇంకా ఇంకా లాగుతుంది. మరీ ముందుకి జరిపామా, లోపల పెట్రోలు ఎక్కడపడితే అక్కడ దానంతటదే పేలుతుంది. అప్పుడు టిక్కు టిక్కుమని సన్నగా, గాజుగ్లాసుని గోటితో కొట్టినట్టు ఒక చప్పుడు వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే పిస్టను ముక్కలై చేతికొస్తుంది.

ఆ టిక్కుని పట్టుకోవడమే చెవులమ్మ పని. చక్రాలు ఉన్నచోటే తిరిగేటట్టు బండిని రోలర్ల మీదకి ఎక్కించి గొలుసులతో కట్టేస్తారు. మేస్త్రి హోరు తట్టుకోవడానికి చెవులకి పెద్ద డిప్పలు తగిలించుకుని లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కుతాడు. చెవులమ్మ బానెట్ పక్కన స్టూలు వేసుకుంటుంది. ఇంజిన్‌కి బిగించిన రాగి గొట్టం నుంచి రెండు రబ్బరు గొట్టాలు ఆవిడ చెవుల్లోకి వెళతాయి, డాక్టరు పెట్టుకున్నట్టు. పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్. అందులో నిప్పురవ్వని ఒక్కొక్క మెట్టే ముందుకి పెంచుతుంది. టిక్కు వినపడగానే ఒక మెట్టు దిగి ఆగిపోతుంది. వెనక గోడ మీద పెద్ద తెర, అందులో బండి బలాన్ని చూపించే గీత. దానివైపు ఆవిడ ఏనాడూ తిరిగి చూడదు. "గీత కస్టమర్లకండీ. నాకు చప్పుడు చాలు" అనేది.

అలాంటి మనిషికి ఏడాదిగా ఒక గుట్టు ఉంది. చెవులు మొరాయిస్తున్నాయి.

మొదట వాషింగ్ మెషిన్ దగ్గర బయటపడింది. బట్టలు ఉతకడం అయిపోగానే అది కీచుమని పిలిచేది. ఈమధ్య పిలవడం మానేసిందనుకుంది. ఒకరోజు తలుపు మీద చెయ్యి వేసి నిలబడితే, ఎదురుగా ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. అది పిలుస్తూనే ఉంది. తనకే వినపడటం లేదు. అక్కడే తడి బట్టల బుట్ట మీద చతికిలబడింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? చెవులమ్మకి చెవులు లేవంటారు. అంతకన్నా హాస్యం ఏముంది లోకంలో! ఆవిడ ఒక ఉపాయం చేసింది. టిక్కు వినపడే దాకా వెళ్ళడం మానేసి, వినపడుతుందేమో అనిపించగానే ముందుగానే ఒక మెట్టు తగ్గించి ఆపేసేది. బండి కాస్త మందంగా ఉంటే ఉంటుంది గానీ బద్దలవదు కదా, అని మనసుకి సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకున్న ప్రతిసారీ సిగ్గుపడేది. దానికి తోడు మేస్త్రి చీటికీ మాటికీ అరుస్తున్నాడు. "టీ తాగుతావా" అన్నా అరుపే. వయసు మీద పడేకొద్దీ ఈయనకి కోపం పెరుగుతోందని మరో దిగులు.

ఇలా ఉండగా అక్క వచ్చింది.

అక్క అంటే చెవులమ్మకి తోడబుట్టిన అక్క. ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయింది. రిటైరైనవాళ్ళు మొక్కలు పెంచుకుంటారు, మోకాళ్ళకి నూనె రాసుకుంటారు. ఈవిడ ఒక పాత టర్బో కారు కొనుక్కుని కొండ పందేలకి వెళుతోంది. ఏడాదికోసారి ఊరవతల కొండ రోడ్డు మూసేసి, ఒక్కో బండినే పైదాకా వదిలి గడియారం పెట్టి చూసే పందెం అది. ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. ఆ ఇంజిన్ పోతే మరొకటి దొరికే దారి లేదు.

"మరిదిగారూ, నా బండికి ఊపిరాడటం లేదయ్యా" అంటూ దిగింది అక్క. "కిందంతా బాగానే లాగుతుంది. పై మలుపులకొచ్చేసరికి వేడెక్కిపోయి మూలుగుతోంది. నా వెనక స్టార్టయిన పిల్లకాకులు నాకంటే ముందు టైము కొడుతున్నారు. ఇథనాల్ పోస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందట కదా. పోద్దాం."

మేస్త్రి బండి చుట్టూ తిరిగాడు. "పోద్దాం అంటే పోసేది కాదు వదినగారూ. ఇథనాల్ పెట్రోలు కంటే చాలా ఎక్కువ తాగుతుంది బండి. పంపు సరిపోదు, ఇంజెక్టర్లు సరిపోవు, పాత రబ్బరు పైపులు నానిపోతాయి. అన్నీ మార్చాలి."

"మార్చండి. ముసలితనంలో నా బండికి తాగుడు అలవాటు చేస్తున్నారన్నమాట. మా ఆయనకి చెప్పకండి, ఆయనా కావాలంటాడు."

చెవులమ్మ నవ్వలేదు. అక్క బండికి పోయినేడు పెట్రోలు మీద సెట్టింగ్ చేసింది తనే. "చేద్దాంలే అక్కా" అంది.

మేస్త్రి పనిలోకి దిగాడు. ట్యాంకు దింపి కడిగాడు. పెద్ద పంపు వేశాడు. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు లాగాడు, వెడల్పు నోరున్న ఇంజెక్టర్లు పెట్టాడు, చల్లగా ఉండే రకం ప్లగ్గులు బిగించాడు. తీరా స్టార్ట్ చేస్తే నాలుగు నిమిషాలు నడిచి చచ్చిపోయింది. ఇథనాల్‌కి శుభ్రం ఎక్కువ. ఇన్నేళ్ళుగా పైపుల మూలల్లో పేరుకున్న జిడ్డునంతా కడిగి తెచ్చి ఫిల్టర్లో కూరింది. మేస్త్రి ఫిల్టర్ కోసి చూపిస్తే లోపల నల్లటి బంక.

"చూశారా, పుట్టి బుద్ధెరిగాక మీ బండి కడుపు ఇవాళే ఖాళీ అయింది" అన్నాడు.

"అయితే ఇక ఆకలేస్తుందిలే, పెట్టండి" అంది అక్క.

సెట్టింగ్ రోజున ముందు ఇంధనం చూశారు. బంకులో ఇథనాల్ అని అమ్మేదాంట్లోనూ ఎంతో కొంత పెట్రోలు కలుస్తుంది, ఆ పాళ్ళు ఒక్కో లోడుకి ఒక్కోలా ఉంటాయి. గీతలున్న గాజు గొట్టంలో కాస్త నీళ్ళు పోసి, దాని మీద ఇంధనం పోసి, మూత పెట్టి కుదిపారు. ఇథనాల్ నీళ్ళతో కలిసి కిందకి దిగిపోయింది, పెట్రోలు పైన విడిగా తేలింది. ఎంత కిందకి దిగిందో చూసుకుని మేస్త్రి తలూపాడు. సరుకు మంచిదే. బండిని రోలర్ల మీద కట్టేశారు. అక్క గోడ దగ్గర కుర్చీ వేసుకుని తెరకి ఎదురుగా కూర్చుంది.

చెవులమ్మ గొట్టాలు చెవుల్లో పెట్టుకుంది. ఇథనాల్ అంత తేలిగ్గా టిక్కుమనదనీ, పెట్రోలు కంటే బాగా ముందుకి వెళ్ళవచ్చనీ ఆవిడకి తెలుసు. ఎంత ముందుకి అన్నది మాత్రం చెవే చెప్పాలి కదా, ఇన్నేళ్ళూ చెప్పినట్టు.

ఒక మెట్టు పెంచింది. మేస్త్రి తొక్కాడు. ఇంజిన్ గర్జించింది. టిక్కు లేదు. ఇంకో మెట్టు. లేదు. అక్క లేచి నిలబడి చేతులూపింది, ఏదో అరిచింది. బాగుందని కాబోలు. ఇంకో మెట్టు. పెట్రోలు ఎప్పుడో కేకలు పెట్టే చోటు దాటిపోయారు. టిక్కు లేదు. మేస్త్రి అద్దంలోంచి బొటనవేలు చూపించాడు. ఇంకొకటి. ఇంకొకటి. గొట్టాల్లో నున్నటి హోరు తప్ప ఏమీ లేదు.

ఆవిడకి ఒక్కటే తోచింది. టిక్కు లేకపోవడం కాదిది. టిక్కు ఉంది. లోపల అక్క ఇంజిన్ పగిలిపోతూ మొత్తుకుంటోంది, తనకి వినపడటం లేదు. వాషింగ్ మెషిన్ లాగే. ఇక తనకి చెవులు లేవు. ఇక్కడ తన పని అయిపోయింది. మేస్త్రి మళ్ళీ తొక్కడానికి కాలు కదిపాడు. ఆవిడ గొట్టాలు పీకేసి, బానెట్ ముందుకి పరుగెత్తి రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"ఆపండి! ఆపెయ్యండి!"

ఇంజిన్ ఆగింది. రోలర్లు తిరిగి తిరిగి నెమ్మదించాయి. మేస్త్రి కిందకి దిగాడు. "ఏమైందే? టిక్కుమందా?"

"నాకు తెలీదండీ." ఆవిడ చేతులు దించేసింది. "అందో లేదో నాకు తెలీదు. నాకు వినపడటం లేదు. ఏడాదయింది. సన్న చప్పుళ్ళేవీ వినపడటం లేదు. మీకు చెప్పలేదు. నోరు రాలేదు."

మేస్త్రి చెవుల మీద డిప్పలు తీసి మెడకి దించుకున్నాడు. "నాకు తెలుసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"పోయినేడు ఎండాకాలం, ఆ పళ్ళ డాక్టరుగారి ఎర్రబండికి. టిక్కు టిక్కుమని నాకు డిప్పల్లోంచే వినపడింది, నువ్వు ఇంకో మెట్టు పెంచావు. అప్పుడే అర్థమైంది. మరి ఏడాదిగా ఎందుకు అరిచి మాట్లాడుతున్నాననుకున్నావ్?"

"కోపం వచ్చిందనుకున్నా."

"నీ మీద నాకేం కోపం!"

"తెలిసి ఎందుకు చెప్పలేదు మరి?" ఇప్పుడు చెవులమ్మే ఒంటికాలి మీద లేచింది. "ఏడాది! నేను కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నారా?"

"నువ్వే చెప్తావని చూశా. నీ అంతట నువ్వు చెప్పాలి గానీ, నీకు చెవుడొచ్చిందని నేనెలా అనను? నా వల్ల కాలేదు. అందుకని..." మేస్త్రి నీళ్ళు నమిలాడు. "అందుకని, నువ్వు సెట్టింగ్ ముగించి చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడల్లా నేనొక మెట్టు తగ్గించి పెట్టేవాణ్ణి. ఎందుకైనా మంచిదని."

చెవులమ్మ మొగుడి వైపు తిరిగింది. "మీరొక మెట్టు తగ్గించారా? నేను అప్పటికే ఒక మెట్టు తగ్గించి ఆపేదాన్నండీ. అన్ని బళ్ళకీ. ఎందుకైనా మంచిదని."

కుర్చీ దగ్గర నుంచి అక్క గొంతు వచ్చింది.

"అంటే పోయినేడు నా బండికి కూడానా?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. రవ్వ ఆలస్యంగా పడితే మంట ఆలస్యంగా అంటుకుంటుంది, సగం వేడి పొగగొట్టంలోకి తన్నుకొస్తుంది, బండి ఉడికిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మేస్త్రి మెల్లగా అన్నాడు, "పై మలుపుల్లో వేడెక్కి మూలుగుతోందన్నారు చూడండి వదినగారూ... అది మా ఇద్దరి ప్రేమేనండీ."

అక్క ముఖం ఎర్రబడింది. చెవులమ్మ భయపడింది. మరుక్షణం అక్క కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నా బండికి ముసలితనం వచ్చిందని ఏడాది బెంగపెట్టుకున్నాను కదటే! నాకే ముసలితనం వచ్చిందనుకున్నా ఒక్కోసారి. మీ సంసారం బంగారం గానూ! మొగుడూ పెళ్ళాలు ఒకరి మీద ఒకరు జాలిపడి ఊళ్ళో బళ్ళన్నిటికీ కళ్ళెం వేశారే!" ఆ తర్వాత లేచి వచ్చి చెల్లెలి తలని తన భుజానికి ఆనించుకుంది. చెవులమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడాదిపాటు బిగబట్టుకున్నదంతా ఏడ్చింది. మేస్త్రి ఏం చెయ్యాలో తెలియక స్పానర్ తుడుస్తూ నిలబడ్డాడు.

ఏడుపు తగ్గాక పని గుర్తొచ్చింది. ఆవిడ ముక్కు తుడుచుకుని, "ప్లగ్గులు విప్పండి" అంది.

లోపల టిక్కుమన్న ఇంజిన్‌కి ప్లగ్గు తెల్లపింగాణీ మీద ఆనవాళ్ళుంటాయి. పిస్టను అల్యూమినియం మిరియాలపొడిలా చిట్లి అక్కడ అంటుకుంటుంది. మేస్త్రి నాలుగు ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద పేర్చాడు. చెవులమ్మ భూతద్దం పెట్టి ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసింది. పింగాణీ తెల్లగా, కడిగినట్టుగా ఉంది. ఒక్క మచ్చ లేదు.

"అసలు టిక్కుమనలేదండీ" అంది, తనకి తనే నమ్మలేనట్టు. "లేదు కాబట్టే వినపడలేదు."

"అయితే ఇంకా పెంచుదామా?" అన్నాడు మేస్త్రి ఆశగా.

"ఏం పెంచుతారు నా మొహం!" అక్క తెర వైపు వేలు చూపించింది. "ఆ గీత ఎప్పుడో లేవడం మానేసింది. మొదటి కొన్నిసార్లు పైకి పోయింది, బాగుంది. తర్వాత ఎక్కడుందో అక్కడే. నేను లేచి చేతులూపి మొత్తుకుంటే ఒకరికి డిప్పలు, ఒకరికి గొట్టాలు. వినపడితేగా!"

చెవులమ్మ వెనక్కి తిరిగింది. ఈ షెడ్డులోకి వచ్చాక మొదటిసారి ఆ తెరని పనిగా చూసింది. గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మొదటివి విడివిడిగా పైకి లేచాయి. చివరివి కలిసిపోయి ఒకే లావుపాటి గీతయ్యాయి. ఆ చివరి మెట్లకి బలం పెరగలేదు. పెరిగిందల్లా పిస్టన్ల మీద ఒత్తిడి. పెట్రోలైతే ఆ చోటికి చేరకముందే కేక పెట్టి ఆపేది. ఇథనాల్ అరవదు. చప్పుడు చెయ్యకుండా పిస్టన్లని మోసే కడ్డీలు వంచేస్తుంది. టిక్కు వినపడే దాకా పోవడం అనే అలవాటుతో ఇంకో నాలుగు మెట్లు ఎక్కి ఉంటే, ఎంత గొప్ప చెవులున్నా అక్క ఇంజిన్ దక్కేది కాదు.

ఆవిడకి లోపల ఏదో తేలికపడింది. చెవులకి ఇందులో పని లేదు. కానీ తనకి ఉంది. ఎక్కడ ఆగాలో తేల్చవలసింది ఇప్పటికీ తనే.

స్టూలు ఎత్తి తెరకి ఎదురుగా వేసుకుంది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. గీత లేవడం మానేసిన మెట్టు దాకా వెనక్కి దిగింది, అక్కడి నుంచి ఇంకొక్కటి దిగింది. "తొక్కండి" అంది. ఈసారి అక్క పక్కనే నిలబడింది, గీత లేచినప్పుడల్లా చెల్లెలి భుజం గిల్లుతూ. సాయంత్రానికి బండి సిద్ధమైంది.

"ఇప్పుడైనా ఎవరైనా చేతులు కడుక్కోడానికి వెళతారా?" అంది అక్క.

ఇద్దరూ కలిసే వెళ్ళారు.

ఆ వారంలోనే మేస్త్రి ఆవిడని చెవుల పరీక్షకి తీసుకెళ్ళాడు. మెత్తటి గోడలున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు నొక్కే అవసరం రాలేదు. ఫ్యాక్టరీలో మొదలై ఉంటుందన్నారు, షెడ్డులో ముదిరిందన్నారు. పోయింది తిరిగి రాదు గానీ చెవి వెనక పెట్టుకునే చిన్న యంత్రంతో చాలావరకు సర్దుకుంటుందన్నారు. రెండు వారాల్లో ఇస్తామన్నారు. ఇంజిన్ టిక్కుని మైకుతో పట్టి తెర మీద చూపించే పెట్టె ఉందని మేస్త్రి విన్నాడు, అదీ తెప్పిస్తున్నాడు. డిప్పలు లేకుండా షెడ్డులో ఎవరూ కాలు పెట్టకూడదని కొత్త చట్టం చేశాడు. ఆయన చట్టాలు చేస్తే ఎవరు వింటారు గానీ, ఈ ఒక్కటి విన్నారు.

కొండ పందెంలో అక్క గెలవలేదు. ఓడానని మాత్రం ఎక్కడా అనదు. పై మలుపుల్లో బండి ఒక్కచోట కూడా మూలగలేదు. పోయినేటి తన టైముని తనే కొట్టి, పైన దిగి బానెట్ మీద చెయ్యి వేసి చూసుకుందట. చల్లగా ఉందని చెప్పడానికి అక్కడినుంచే ఫోన్ చేసి, అవతల చెల్లెలికి వినపడాలని అంతమంది మధ్య నిలబడి గావుకేకలు పెట్టింది.

అసలు కష్టం ఆ తర్వాత, చెవి యంత్రం ఇంకా చేతికి రాకముందే వచ్చింది. ఈ ఏడాదిలో సెట్టింగ్ చేసిన బళ్ళన్నీ చెవులమ్మకి గుర్తున్నాయి. వాటి పొగగొట్టాల గొంతులతో సహా గుర్తున్నాయి. వాళ్ళందరికీ ఫోన్ చేస్తానంది.

"నేను చేస్తాలే" అన్నాడు మేస్త్రి. "ఏదో పార్టు చెడిందని చెప్పి పిలుద్దాం. నీ సంగతి ఎందుకు బయటపెట్టడం?"

"వద్దండీ. దాచబట్టే ఇంతా జరిగింది."

మొదటి ఫోన్ పళ్ళ డాక్టరుకి. మహా నసమనిషి, బండి మీద చిన్న గీత పడితే నెలరోజులు చెప్పుకుంటాడు. ఆయనతో మొదలుపెడితే మిగతావాళ్ళు తేలిక అనుకుంది ఆవిడ. మేస్త్రి ఎదురుగా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, నేను షెడ్డు నుంచి. మీ బండి ఒకసారి మళ్ళీ తీసుకురావాలండీ. పోయినసారి నేను చేసిన సెట్టింగ్ సరిగా లేదు. ఎక్కడ ఆపాలో తెలియక ఎక్కడో ఆపేశాను. నాకు చెవులు తగ్గాయండీ. చెప్పకుండా చేశాను, తప్పు నాదే. ఊరికే మళ్ళీ చేసి ఇస్తాం."

అవతల ఏమీ వినపడలేదు. ఆవిడ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. ఏమీ లేదు. ఆయన మాట్లాడటం లేదో, మాట్లాడుతున్నది తనకి వినపడటం లేదో తెలియలేదు. ఏడాదిగా ఇలాంటి చోట ఆవిడ ఊఁ కొట్టేసేది, ఏదో ఒకటి ఊహించుకుని నవ్వేసేది. ఇప్పుడు ఒకసారి మేస్త్రి కళ్ళలోకి చూసి, ఊపిరి పీల్చుకుంది.

"కాస్త గట్టిగా చెప్పండి డాక్టరుగారూ. నాకు సరిగా వినపడదు."

"నేనింకా ఏమీ అనలేదమ్మా" అన్నాడు డాక్టరు, గట్టిగా, ఒక్కొక్క మాటా విడమరిచి. "ఆలోచిస్తున్నా. ఆదివారం తెస్తాను. కానీ ఒక్కటి. ఈసారి కూడా మీరే చెయ్యాలి. మేస్త్రిగారికి అప్పగిస్తే ఊరుకోను."

"నేనే చేస్తానండీ" అంది ఆవిడ.